గుక్కెడు నన్నారి

"వీరేశ్ కడేవాళ్లూ! వీరేశ్ కడేవాళ్లూ, పాలు పోస్తాండాం!"

ఐసీయూ తలుపు ఓరగా తీసి రోహిణి సిస్టర్ వీరేశ్ తరపువాళ్ల కోసం కేకేసింది. బయట బెంచీ మీదున్న వాళ్లంతా మాటలు ఆపేశారు. బండ్రి దారిలో బైకు మీంచి పడ్డ వీరేశ్‌కి ఇంకా సరిగ్గా తెలివి రాలేదు. ముక్కులోంచి కడుపు దాకా వేసిన సన్నటి గొట్టంలో పోసే పాలే అతనికి అన్నం. అందులో ఏం పోసినా ఆ రుచి బెంచీవాళ్ల నాలికల మీదికొచ్చేది. దానికెవరూ వింతపడలేదు.

"ఈ పొద్దు చక్కెర తక్కువైందప్పా," చప్పరిస్తూ అన్నాడు యల్లప్ప. ఆయన తమ్ముడూ లోపలే ఉన్నాడు.

"తాగప్పా, తాగు," అంది వీరేశ్ తల్లి సిద్దక్క. "నా కొడుక్కి రుచే తెలీకపాయె, నువ్వన్నా తాగు."

ఆ మాట కోడలు నేత్రకి ముల్లులా దిగింది. పెళ్లయి ఏడాదన్నా కాలేదు. కౌల్ బజార్‌లో ఆటోల హారన్ల మధ్య ఇద్దరూ ఒకే గ్లాసులో నన్నారి షర్బత్ తాగిన సాయంత్రం, ఆమెకి పెళ్లికన్నా పెద్ద పండగ. నోటికి చుక్క కూడా ఇవ్వొద్దని సిస్టర్ చెప్పే ఉంది. అయినా మధ్యాహ్నం చూడ్డానికి లోపలికి పంపినప్పుడు, కొంగుచాటు సీసాలోంచి అతని పెదాల మధ్య గుక్కెడు నన్నారి వంచింది. వీరేశ్ కళ్లు తెరిచాడు. మరుక్షణం పొలమారి దగ్గాడు. అతని మూతి తుడిచి, నేత్ర బెదిరిపోయి బయటికొచ్చేసింది.

బయట బెంచీ అంతా దగ్గుతోంది.

"ఏందిది, నన్నారి!" యల్లప్ప రొమ్ము పట్టుకున్నాడు. "నాలిక మీద లేదప్పా, ఎదలో ఉండాది!"

నేత్ర కూడా దగ్గింది, ఏమీ తెలియనట్టు.

సాయంత్రానికి వీరేశ్ ఒళ్లు జ్వరంతో కాలిపోయింది, ఊపిరి గురగురమంది. కడుపులో పాలు ఇమడక పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయనుకుని డాక్టరు పాలు ఆపించాడు. మర్నాడు కేక లేదు. బెంచీ మీద నాలికలన్నీ ఎండిపోయాయి. యల్లప్ప తెచ్చిన బొరుగుల మండక్కి ఎవరి నోటికీ ఎక్కలేదు.

"ఏం తినకుంటే నా బిడ్డ ఎట్ల బతుకుతాడు?" సిద్దక్క గోడకి తల ఆనించి ఏడ్చింది.

రోహిణి వచ్చి వాళ్ల ముందర గొంతుక్కూచుంది. "పాలు మీకు ఎప్పుడన్నా ఎదలోకొచ్చినాయా?"

"ఒక్కనాడూ రాలే," అన్నాడు యల్లప్ప. "నాలిక మీదికే. నిన్న ఆ నన్నారే ఎదలోకొచ్చింది."

"అట్లయితే పాలు యాడా పైకి రాలే. ఎవరో నోట్లో నన్నారి పోసినారు, అదే ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఎవరో చెప్తే డాక్టరుతో మాట్లాడి పాలు మళ్లీ పెట్టిస్తా. చెప్పకుంటే ఆ పిల్లోనికి పస్తే."

"ఎవరన్నా గానీ తల్లీ, నేనేమీ అనను," సిద్దక్క అందరి మొహాలూ చూసింది, కోడలి మొహం తప్ప.

నేత్ర కొంగు నోట్లో కుక్కుకుంది. తీసేసింది.

"నేనే అక్కా. నోట్లో పోసింది నేనే. ఆయప్పకి రుచి తెలియాలని గాదు. ఒక్కతూరి కండ్లు తెరిచి నన్ను చూడాలని."