ముప్పై రెండు అంగుళాల వాలు

గుండ్రటి బల్ల కావాలని పట్టుబట్టింది కూతురు. అమ్మకు చెవులు వినపడడం మానేశాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట అందుకుంటుంది. పొడుగు బల్ల దగ్గర తన వరసలో కూర్చున్నవాళ్ల పెదవులు కనపడవు. అందరూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. కొన్నాళ్లు చూసి ఆవిడ కంచం పట్టుకుని వంటింట్లోకి మారిపోయింది. "మీరు కానివ్వండి, నాకింకా ఆకలి కాలేదు" అనేది.

బల్ల కొలత ఇలా తీసుకున్నారు. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. అమ్మ ఒకదాంట్లో కూర్చుంది. ఒక్కొక్కరే గొంతు లేకుండా ఏదో ఒకటి అన్నారు. మాట అందకపోతే ఆ కుర్చీని జరిపారు. ప్రతి నోరూ కనపడ్డాక సుద్దముక్కతో గీత గీశారు. అడ్డంగా ఏడడుగులు వచ్చింది. బల్ల పైకి ఆ కొలతకే గుండ్రటి గాజుపలక చేయించారు. తలుపు కొలవాలని ఎవరికీ తట్టలేదు.

గాజుపలక తెచ్చినాయన్ని అందరూ నెమ్మది మేస్త్రీ అంటారు. గాజు మోసేటప్పుడు ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. ముగ్గురు మనుషులతో కలిసి పలకను మూడో అంతస్తు దాకా మోసుకొచ్చి, గుమ్మం బయట గోడకు ఆనించి, టేపు తీశాడు. తలుపు ఎత్తు ఎనభై అంగుళాలు. వెడల్పు ముప్పై నాలుగు.

"ఎనభై నాలుగు అంగుళాల పలకండీ ఇది. నిలబెడితే నాలుగు ఎక్కువ. పడుకోబెడితే ఇక చెప్పక్కర్లేదు" అన్నాడు.

"అంచు కాస్త కోస్తే?" అన్నాడు అల్లుడు.

"కాల్చి గట్టిచేసిన గాజు. ఇప్పుడు కోత పెడితే పంచదార పలుకులవుతుంది."

"పోనీ, కిటికీలోంచి?"

"ఊచలు మీరు కోస్తారా, నన్ను కోయమంటారా?"

అమ్మ గుమ్మం లోపల కుర్చీలో కూర్చుని మేస్త్రీ మూతి వంకే చూస్తోంది. "ఏమంటున్నాడే? ఆ మీసం చాటున మాట ఒక్కటీ కనపడట్లేదు."

"పట్టదట అమ్మా. వెనక్కి పంపాల్సిందే."

"తీసుకుపోనీలే. నాకు వంటిల్లు బాగానే ఉంది."

కూతురు ముఖం పక్కకి తిప్పుకుంది. అమ్మ ఆ ముఖాన్ని కాసేపు చూసింది. తర్వాత తలుపు చౌకట్టు కేసి చూసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి.

"ఆ కొలతలు చెప్పు" అంది.

కూతురు చెప్పింది. అమ్మ కళ్లు మూసుకుంది. "ఎనభై ఎనభైలు ఆరువేల నాలుగు వందలు. ముప్పై నాలుగు ముప్పై నాలుగులు పదకొండు వందల యాభై ఆరు. రెండూ కలిపి వర్గమూలం... మూల నుంచి మూలకి ఎనభై ఏడుకి వెంట్రుకవాసి తక్కువ."

మేస్త్రీ టేపును ఐమూలగా పట్టి చూశాడు. అంతే ఉంది. రెండు వేళ్లతో మీసం పైకెత్తి పట్టుకుని, ఆవిడ ఎదురుగా వంగి అడిగాడు. "టేపు ఉండగా లెక్కెందుకమ్మా?"

"మూలకీ మూలకీ మధ్య ఎంతో టేపు చెప్తుంది. పలకని ఎంత వాలిస్తే పైఅంచు ఎక్కడికొస్తుందో చెప్తుందా?"

"అది వాల్చి చూడాల్సిందే."

"చూసేలోపు చౌకట్టుకి కొట్టుకుంటే?"

మేస్త్రీ మీసం వదిలేశాడు.

అమ్మ చేతులతో గాల్లో చూపించింది. "నేల ఒక భుజం, నిలువు ఒక భుజం, గాజు కర్ణం. తక్కువ వాలిస్తే పైన తగులుతుంది, ఎక్కువ వాలిస్తే పక్కన తగులుతుంది. నేల మీద ముప్పై రెండు అంగుళాలు వాలుద్దాం. ఎనభై నాలుగు వర్గంలోంచి ముప్పై రెండు వర్గం తీసేస్తే ఆరువేల ముప్పై రెండు. పైఅంచు ఎత్తు డెబ్భై ఎనిమిది లోపే."

"గాజు మందం అరంగుళం. కింద దుప్పటి ఇంకో అరంగుళం" అన్నాడు మేస్త్రీ, మళ్లీ మీసం ఎత్తి.

"అవి పోనూ పైనా పక్కనా అంగుళం పైనే మిగులుతుంది. చాలదూ?"

"గాజుకి అరంగుళం చాలమ్మా. మిగతాది నా గుండెకి."

గుమ్మం బయట నుంచి లోపలి దాకా నేల మీద పక్కపక్కనే రెండు సుద్దగీతలు గీశారు. వాటి మధ్య ముప్పై రెండు అంగుళాలు. పలక కింది అంచు దుప్పటి మీద ఒక గీత వెంట నడవాలి. పైఅంచుకు అల్లుడు ఒక దారం అంటించి, దాని కొసకు తాళంచెవి కట్టాడు. ఆ తాళంచెవి రెండో గీత మీదే నడవాలి.

మనుషులు పలకను వాల్చి పట్టుకున్నారు. మేస్త్రీ దుప్పటి లాగాడు. "నెమ్మది, నెమ్మది." పలక చౌకట్టులోకి వచ్చింది. సగం దగ్గర తాళంచెవి గీత దాటింది. అమ్మ అరచెయ్యి పైకెత్తింది. అందరూ ఆగారు. వెనకున్న మనిషి పలకను ఒక్క పిసరు లేపాడు. తాళంచెవి ఊగి, గీత మీదికి వచ్చింది. అమ్మ చెయ్యి దించింది. ఈసారి మేస్త్రీ నోట ఆ మాట కూడా రాలేదు.

పలక లోపలికి వచ్చింది. ఎక్కడా తగలలేదు.

"ఇన్నేళ్లుగా గాజు మోస్తున్నాను, ముందే లెక్క చూసి మోసింది ఇవాళే" అన్నాడు మేస్త్రీ. కూతురు ఆ మాట అమ్మకు చెప్పింది.

"ఆ దారం ఉపాయం అల్లుడిది. నాకు తట్టలేదు" అంది అమ్మ.

పలకను బల్ల కాళ్ల మీద అమర్చి, మధ్యాహ్నం మేస్త్రీనీ మనుషుల్నీ కూడా భోజనానికి కూర్చోబెట్టారు. మేస్త్రీ ఒక చేత్తో తింటూ, మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా రెండో చేత్తో మీసం ఎత్తుతున్నాడు. అల్లుడు కంచంలోకి చూస్తూ తనలో తను గొణుక్కున్నాడు. "కూరలో ఉప్పు లేదు."

"నీ మోచేతి దగ్గరే ఉంది, వేసుకో బాబూ" అంది అమ్మ, బల్ల అవతలి నుంచి.

అల్లుడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ముందు కూతురు నవ్వింది, తర్వాత అందరూ. అమ్మ కూడా వాళ్లతోపాటే నవ్వింది.