కబురు చేస్తాం

పగ మంచిది కాదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తల్లిని ఎవరూ వెండితెర మీద నోట్లో నువ్వుగింజ నానని ఆడదాన్ని చేసి, ఇంటర్వెల్‌కి ముందే కాల్చి చంపి ఉండరు. మా అమ్మీని చంపారు. అందుకే నాకు పగంటే ఇష్టం. వేళకు తిండి పెట్టి, జ్వరం రాకుండా చూసుకుని, బిడ్డలా పెంచాను దాన్ని.

మా అమ్మీ పేరు నజ్‌నీన్. గాజులమ్మేది. గాజుల కట్టలన్నీ దండగా గుచ్చిన మలారం భుజాన వేసుకుని బయలుదేరితే శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆమె తొక్కని గడప లేదు. మగవాళ్లు వసారా దగ్గరే ఆగిపోతే అమ్మీ వంటింటి దాకా వెళ్లేది. చెయ్యి పట్టుకుని మెటికలు నొక్కుతూ గాజు ఎక్కిస్తుంటే ఆడవాళ్లు నొప్పి మరిచిపోవడానికి ఏదో ఒకటి మాట్లాడతారు. మొదట కూరల సంగతి, తర్వాత అత్త సంగతి, ఆ తర్వాత మొగుడికి కూడా తెలియని సంగతి. ఏ ఇంట్లో విన్నది ఆ ఇంటి గడపలోనే వదిలేసి వచ్చేది అమ్మీ. గాజులామె ఒక్కసారి మాట మోసిందంటే మళ్లీ ఏ ఇంట్లోనూ చెయ్యి చాపరు. ఆ వృత్తికి ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు అది.

ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం కానీ అమ్మీకి బేరమైనా కోపమైనా తెలుగులోనే వస్తుంది. నేను జహేదాను, ఆమె ఒక్కగానొక్క కూతుర్ని. బౌరంపేట్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. రాయడం నా పిచ్చి. అమ్మీని చూసే మొదటి నవల రాశాను. పేరు ‘గాజుల గుట్టు’. జీడిమెట్ల ఫ్యాక్టరీల మధ్య ఇళ్లు అద్దెకు తీసుకుని దాక్కున్న శత్రుదేశపు ముఠా ఇళ్లలోకి గాజులమ్ముతూ వెళ్లే ఒక గూఢచారి కథ అది. చివర్లో ఆమె దొరికిపోతుంది. ఎంత అడిగినా నోరు విప్పదు. ముఠా నాయకుడి భార్య గాజుల కోసం చెయ్యి చాపుతుంది. మెటికలు నొక్కుతుంటే ఆ భార్యే అన్నీ చెప్పేస్తుంది. కత్తి లేదు, తుపాకీ లేదు. గెలిచింది మా అమ్మీ నోరు.

అన్వేష్ పెద్ద దర్శకుడు. శామీర్‌పేట చెరువు అవతల ఆయనకో ఫామ్‌హౌస్ ఉంది. అక్కడికి గాజులమ్మడానికి వెళ్లే అమ్మీయే, అక్కడి వంటామెను బతిమాలి నాకు ఒక పూట సంపాదించింది. సినిమావాళ్ల పద్ధతి మీకు తెలుసో లేదో, వాళ్లు కథ చదవరు, వింటారు. రాసిన కాగితాల కట్ట తీసి బల్ల మీద పెడితే దెయ్యాన్ని చూసినట్టు చూస్తారు. “అదంతా ఎందుకమ్మా, చెప్పేయండి” అన్నాడు. చెప్పాను. ఆయన టీపాయ్ మీద కాళ్లు చాపుకుని, కమలాపండు వలుచుకుని తొన తర్వాత తొన నోట్లో వేసుకుంటూ విన్నాడు. మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడాడు. “ఆఁ, ఏం లేదు, ఎవరో కథ చెబుతున్నారు” అన్నాడు అవతలివాళ్లతో. “మీరాగకండి, చెప్పండి చెప్పండి” అన్నాడు నాతో. అమ్మీ గుమ్మం పక్కన నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. అంతా అయ్యాక చెయ్యి తుడుచుకుని, “బాగానే ఉంది. చూద్దాం అమ్మా, కబురు చేస్తాం” అన్నాడు.

కబురు రాలేదు. సినిమా వచ్చింది.

మేడ్చల్ రోడ్డు మీద పోస్టర్లో గాజుల మలారం వేసుకున్న హీరోయిన్‌ను చూసి నేను వెర్రిదాన్లా సంబరపడ్డాను. చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నాడేమో అని కూడా అనుకున్నాను. అంత అమాయకత్వం. అమ్మీకి మంచి చీర కట్టించి మొదటి ఆటకే తీసుకుపోయాను. తెర మీద నా ఊరు, నా ఇళ్లు, నా ముఠా. ఆ గాజులపిల్ల మాత్రం హీరోను చూసి మెలికలు తిరిగింది. శత్రువు భార్య ఒక లిప్‌స్టిక్ ఇచ్చి రెండు తీపి మాటలు చెప్పగానే రహస్యమంతా వాగేసి, వాళ్ల చేతిలోనే చచ్చింది. పగిలిన గాజులు పట్టుకుని హీరో శపథం చేశాడు. హాలంతా ఈలలు. పేర్లలో ‘కథ: అన్వేష్’.

ఇంటికి వచ్చే ఆటోలో అమ్మీ ఒక్కటే మాట అడిగింది. “నేనెవరి ముచ్చట ఎవరికి జెప్పిన బిడ్డా? గా పిలగాడు నన్ను గిట్లెందుకు జేసిండు?”

తర్వాత ఊళ్లో ఆడవాళ్లు సరదాకే అన్నారు, “నజ్‌నీనమ్మా, లిప్‌స్టిక్ ఇస్త, పక్కింటి ముచ్చట జెప్పవా?” అని. అమ్మీ కూడా నవ్వింది. నవ్వి ఇంటికొచ్చి మలారం తీసి అటక మీద పెట్టింది. శ్రావణం వచ్చినా దింపలేదు. ఆ రోజు పుట్టింది నా పగ.

పుండు మీద కారం చల్లింది మాత్రం హేమచంద్ గారు. తణుకు వైపు నుంచి వచ్చి బౌరంపేట్ గేటెడ్ కాలనీలో స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. ‘ముందు పుస్తకం, తర్వాత సినిమా’ అని ఒక బృందం నడుపుతారు. గూఢచారి నవలలు, మాయల మంత్రాల నవలలు చదవడం, వాటి సినిమాలు చూడడం, ఏది గొప్పో కాలనీ హాల్లో వాదించుకోవడం. బుద్ధి తక్కువై, నా ‘గాజుల గుట్టు’ను అప్పుడు సొంతంగా అచ్చు వేయించి ఆయన చేతిలో పెట్టాను.

“సినిమా చూసి రాసినట్టుందండి” అన్నారు ఆయన మైకులో, అందరి ముందూ. “సాధారణంగా పుస్తకాన్ని సినిమా పాడు చేస్తుంది. ఇక్కడ సినిమాను పుస్తకం పాడు చేసింది. ఆ గాజులావిడ చావకపోవడంతో అసలు బరువే పోయిందండి.”

నవ్వారు అందరూ. ముందు నేను చెప్పాను, తర్వాత ఆయన తీశాడు అంటే, ‘ఆధారం ఉందా అమ్మా?’ అన్నారు. ఆధారం గుమ్మం పక్కన నిలబడ్డ మా అమ్మీ. ఆమె సాక్ష్యం ఎవరికి కావాలి?

కోర్టుకు పొమ్మన్నవాళ్లున్నారు. వాళ్ల సలహా వాళ్ల దగ్గరే ఉంచుకోమన్నాను. నేను కూర్చుని రెండో నవల రాశాను. ఈసారి మాయాలోకం. చెరువు అడుగున ఒక నగరం. దాని రాజుకు సొంత గొంతు లేదు. నిద్రపోయేవాళ్ల గొంతులు దొంగిలించి కుండల్లో దాచుకుని, పూటకొకటి పెట్టుకుని మాట్లాడతాడు. జనం జేజేలు కొడతారు. చివర్లో నిండుసభలో నోరు తెరవగానే అందరి గొంతులూ ఒక్కసారే బయటపడి, ఎవరిది వాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. రాజు నోరు తెరుచుకునే మిగిలిపోతాడు. పేరు ‘గొంతులేని రాజు’.

ఈసారి ముందు అచ్చు వేయించాను. పుస్తకాల పండుగలో అమ్మించాను. మేడ్చల్ గ్రంథాలయానికి ఇచ్చి ముద్ర వేయించాను. ఆ తర్వాతే, ఆ వంటామె సాయంతో మళ్లీ ఫామ్‌హౌస్‌కు వెళ్లాను. అన్వేష్ నన్ను గుర్తుపట్టలేదు. మా అమ్మీని చంపినవాడికి నా ముఖమైనా గుర్తు లేదని తెలిసి ఒళ్లు మండింది. కానీ చిరునవ్వు నవ్వాను. కథ చెప్పాను. మళ్లీ కాళ్లు టీపాయ్ మీద, మళ్లీ కమలాపండు. చివర్లో సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాను.

“ఇదే కథ సార్, నవలగా వచ్చింది.”

ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా “థ్యాంక్యూ అమ్మా” అన్నాడు. ఇక్కడొక ఆచారం ఉంది కదా, పూలగుత్తికి బదులు పుస్తకం ఇవ్వడం, దాన్ని గుండెకు ఆనించుకుని ఫొటో దిగడం, తర్వాత ఎవరూ తెరవకపోవడం. ఆయన మనిషే ఫొటో తీశాడు. నేను గేటు దాటేలోపే ఆయన పేజీలో పెట్టారు కూడా: ‘అభిమాని ఇచ్చిన మంచి పుస్తకం. చదవడమే నా ఊపిరి.’

నేను అబద్ధం ఆడలేదు. ఉచ్చు దాచలేదు. చేతిలో పెట్టి మరీ చెప్పాను. చదివే అలవాటు ఉంటే ఆయన బతికిపోయేవాడే.

“చూద్దాం అమ్మా, కబురు చేస్తాం.”

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. ఒంటరిగా వెళ్లి చూశాను. నిజం చెప్పాలంటే బాగా తీశాడు, అదే నా బాధ. నేను నాలుగు వాక్యాల్లో రాసిన నీటి నగరం తెర మీద దీపాలతో కదులుతుంటే నాకు తెలియకుండానే కళ్లు తుడుచుకున్నాను. గూఢచారి కథను చంపి ఎత్తుకుపోయాడు. ఈ కథను బతికుండగానే ఎత్తుకుపోయాడు. ఇంత బాగా తీయగలిగినవాడు మా అమ్మీని అలా ఎందుకు తీశాడన్న కోపం ఇంకా పెరిగింది. ‘మా నాయనమ్మ చెప్పిన కథ’ అని ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

సినిమా ఆడింది. హేమచంద్ గారు పొంగిపోయి, దర్శకుణ్ణి కాలనీ హాలుకు పిలిచారు. నేను పుస్తకం తీసుకుని హేమచంద్ గారింటికి వెళ్లాను.

“మీరు పోలికలు బాగా చెబుతారు కదా సార్. దీన్నీ పోల్చండి. ముందు అచ్చయిన ఏడాది చూడండి. తర్వాత ఈ ఫొటో చూడండి.”

మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. గొంతు తగ్గింది. “అమ్మా జహేదా, ఆ మొదటి పుస్తకం గురించి నేనన్నది...”

“హాల్లో అన్నారు సార్. హాల్లోనే వెనక్కి తీసుకోండి.”

ఆదివారం హాలు కిక్కిరిసింది. అమ్మీని ముందు వరుసలో కూర్చోబెట్టాను. సంచిలో కమలాపండ్లు తెచ్చుకుంది. శాలువా, దండ, చప్పట్లు అయ్యాయి. హేమచంద్ గారు లేచి, ఈ కథ ఎక్కడిదండీ అని వినయంగా అడిగారు. అన్వేష్ నాయనమ్మను తలుచుకుని కళ్లద్దాలు తీశాడు.

“మీ నాయనమ్మగారు అచ్చు కూడా వేయించారండి” అంటూ హేమచంద్ గారు తెర మీద ఫొటో వేశారు. పుస్తకం గుండెకు ఆనించుకున్న అన్వేష్. కింద ‘చదవడమే నా ఊపిరి’. తర్వాత పుస్తకంలో ఒక పేజీ చదవడం, సినిమాలో ఆ సన్నివేశం చూపించడం, మళ్లీ పేజీ, మళ్లీ సన్నివేశం. మొదట గుసగుసలు, తర్వాత నవ్వులు. కొంతసేపటికి నవ్వులు కూడా ఆగిపోయాయి. “ఈ జహేదాగారే మొదటి కథ కూడా ముందు తానే చెప్పానంటే నేను నమ్మలేదండి. ఎగతాళి చేశాను. తప్పు నాది” అని హేమచంద్ గారు నా వైపు తిరిగి దణ్ణం పెట్టారు. దాన్ని కడుపారా తీసుకున్నాను.

అన్వేష్ పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. వేదిక దిగి నా కుర్చీ పక్కన వంగాడు. “మేడమ్, మనం కూర్చుని మాట్లాడుకుందాం. మీకేం కావాలన్నా...”

“రెండు సినిమాల్లోనూ నా పేరు. అది ఇప్పుడే మైకులో చెప్పాలి.”

“తప్పకుండా. ఇంకా?”

“ఇంకొక్కటి. అదిగో, ఆమె మా అమ్మీ. మీ సినిమాలో చచ్చిపోయిన గాజులామె. ఆమెకు ఆ కథ చెప్పండి. మీరు తీసింది కాదు, నేను రాసింది.”

ఆయన నా పేరు చెప్పాడు, హాలంతా విన్నది. తర్వాత మైకు పట్టుకుని అమ్మీ ముందు నిలబడి మొదలుపెట్టాడు. లిప్‌స్టిక్ దగ్గరికి రాగానే, “పుస్తకంలో అలా లేదు” అన్నాను. ఆయన ఆగిపోయాడు. తర్వాత ఏముందో ఆయనకు తెలియదు. ఆ పూట విన్నది ఎప్పుడో మరిచిపోయాడు. ‘గాజుల గుట్టు’ చేతిలో పెట్టి చివరి అధ్యాయం తీసిచ్చాను. చదవడం మొదలుపెట్టాడు. బడిపిల్లాడిలా తడబడ్డాడు.

అమ్మీ కమలాపండు వలిచింది. తొన తర్వాత తొన నోట్లో వేసుకుంటూ వింది. నాకూ సగం ఇచ్చింది. మధ్యలో ఆమె ఫోన్ మోగింది. తీసింది.

“ఆఁ, ఈడనే ఉన్న. పనేం లేదు. ఎవరో పిలగాడు కథ జెప్తుండు, ఇంటున్న.”

ఆయన ఆగాడు. అమ్మీ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని చెయ్యి ఊపింది. “ఆగకు బిడ్డా, జెప్పు జెప్పు.”

చదివాడు. ముఠా నాయకుడి భార్య చెయ్యి చాపింది, గాజులామె మెటికలు నొక్కింది, ఆ భార్య అన్నీ చెప్పేసింది, గాజులామె ఏమీ చెప్పకుండా మలారం ఎత్తుకుని గడప దాటింది. ఆయన నుదుటి నుంచి చెమట పుస్తకం మీద పడింది. వెనక వేదిక మీద ఖాళీ కుర్చీలున్నాయి. కూర్చోమని ఆయనతో ఎవరూ అనలేదు.

అమ్మీ కొంగుతో చేతులు తుడుచుకుంది.

“అయిపోయిందా?”

“అయిపోయిందమ్మా.”

“మంచిగనే ఉన్నది” అని అమ్మీ లేచి సంచి భుజాన వేసుకుంది. “సూద్దాం బిడ్డా, కబురు జేస్తం.”