వాసన గడి

ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టుకుని కృష్ణమూర్తి కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా పీల్చాడు. ఏమీ తగల్లేదు. డబ్బాని కాస్త కదిపి మళ్ళీ పీల్చాడు. తెనాలి నుంచి ఎవరో తెచ్చిపెట్టిన ముద్ద ఇంగువ అది. మూత తీస్తే చాలు, పక్కగదిలో ఉన్నవాళ్ళకి కూడా తెలిసిపోయే సరుకు. తర్వాత కాఫీపొడి సీసా తీశాడు. ఆ తర్వాత దేవుడి అలమరలోంచి కర్పూరం బిళ్ళ. ఐదు వారాలుగా పొద్దున లేవగానే ఆయన చేసే సంధ్యావందనం ఇదే.

పొయ్యి దగ్గర నిలబడి రాధారాణి ఓరకంట చూస్తోంది.

"ఏమన్నా తెలిసిందా?"

"కర్పూరం కొంచెం చల్లగా తగిలింది."

"చల్లగా తగలడం వేరు, వాసన తెలియడం వేరండీ." ఆమె డబ్బా మూత పెట్టేసి పోపు వైపు తిరిగింది. "ఆఫీసులో చెప్పెయ్యండి. ఎన్నాళ్ళని దాస్తారు?"

"ఏమని చెప్పను? ముక్కు పనిచెయ్యడం లేదనా?"

నవ్వులాట మాట కాదది. ఆయన ఉద్యోగమే ముక్కుతో. జనవరిలో వచ్చిన ఫ్లూ జ్వరం వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ఆ సంగతి రాధారాణికి ఎలా తెలిసిందంటే, ఒకరోజు పొయ్యి ఆరిపోయి ఇల్లంతా గ్యాస్ కంపు కొడుతుంటే ఈయన అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. కిటికీలన్నీ తెరిచి, ఆమె పేపరు లాగేసి, మొహంలోకి చూసింది. అంతే, దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

ఆ మాట చెప్పడానికి డాక్టరు ఎందుకో కృష్ణమూర్తికి అర్థం కాలేదు.

యాభై ఒక్కేళ్ళ మనిషి. పొట్టి. ఆ పొట్టి మనిషికి దేవుడు పొడుగాటి ముక్కు పెట్టాడు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళు ఆదివారాలు కలిసినప్పుడు ఆ ముక్కునే ఏడిపిస్తారు. "మూర్తిగారూ, మీ ముక్కుకి గవర్నమెంటు వేరే ఇన్సూరెన్సు ఇస్తుందా?" అంటాడు శ్రీధర్. ఈ జనవరి దాకా ఆయన కూడా నవ్వేవాడు. కూతురు రేణు కూడా స్కూల్లో "మై డాడ్ స్మెల్స్ చీజ్ ఫర్ ద గవర్నమెంట్" అని చెప్పి అందరినీ నవ్వించి వచ్చింది ఒకసారి.

ఆ పిల్ల చెప్పింది నిజమే. పాడి రైతులు మునిగిపోకుండా, మార్కెట్లో అమ్ముడుపోని చీజ్‌ని ప్రభుత్వం కొంటుంది. కొన్నది కొన్నట్టే దేశమంతటా చల్లటి గిడ్డంగుల్లో గుట్టలు పడింది. రెండు చలికాలాల కిందట, 1981 చివర్లో, దాన్ని బీదవాళ్ళకి పంచుదామని నిర్ణయించారు. అప్పటినుంచి ఆ పాత దిమ్మల్ని కరిగించి, ఐదేసి పౌన్ల ప్రాసెస్డ్ చీజ్ ఇటికలుగా పోసి, అట్టపెట్టెల్లో పెట్టి చర్చిల దగ్గర, టౌన్‌షిప్ ఆఫీసుల దగ్గర పంచుతున్నారు. కొనేటప్పుడూ, కరిగించడానికి పంపేముందూ నాలుగు పెట్టెలు విప్పి, ఇది తినదగ్గదే అని సంతకం పెట్టే మనుషుల్లో కృష్ణమూర్తి ఒకడు. ఆయన నింపే ఫారంలో రంగుకి ఒక గడి, గట్టిదనానికి ఒక గడి, కోతకి ఒక గడి ఉంటాయి. చివరిది వాసన గడి. అసలు సంగతి ఆ చివరి గడిలోనే ఉంటుంది.

మిగతా గ్రేడర్లు ముక్క నోట్లో వేసుకుని, నమిలి, ఉమ్మేస్తారు. కృష్ణమూర్తి పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నోట్లో పెట్టలేదు. బాపట్ల కాలేజీలో చదివి, విస్కాన్సిన్ వచ్చి పాల చదువు మళ్ళీ మొదలుపెట్టిన మొదటి నెలలోనే తెలిసింది, ఈ చీజ్‌కి వేసే తోడు దూడ కడుపులోని పొర నుంచి తీస్తారని. ఆ రోజు హాస్టల్ గదికి వచ్చి చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. చదువు మానెయ్యడానికి ధైర్యం చాల్లేదు, తినడానికి మనసొప్పలేదు. ముక్కుతోనే నెట్టుకొచ్చాడు. పని నేర్పిన ముసలి గ్రేడరు ఓల్సన్ మొదట్లో విసుక్కున్నా, రెండేళ్ళకి దారికొచ్చాడు. "నీ ముక్కు నా నాలిక కన్నా నయం, మూర్తీ. చెప్పాల్సిందంతా ముక్కే చెబుతుంది. నాలిక ఊరికే సంతకం పెడుతుంది" అన్నాడు. రిటైరైన రోజున తన ట్రయరు ఈయన చేతిలో పెట్టి వెళ్ళాడు. జానెడు పొడుగున, నిలువునా చీల్చిన గొట్టంలా ఉండే స్టీలు పనిముట్టు అది. చీజ్‌లోకి దించి, ఒక తిప్పు తిప్పి లాగితే, వేలెడు ముక్క వస్తుంది.

ఇవాళ శుక్రవారం. అన్నం, పప్పు, మజ్జిగ డబ్బాలు సంచీలో పెట్టుకుని, బొట్టు కనబడకుండా ఆకుపచ్చ మంకీ టోపీ దించుకుని ఆయన కారెక్కాడు. మొక్కజొన్న చేలు మంచు కింద పడున్నాయి. ఊళ్ళోవాళ్ళు రైలెక్కి షికాగోకి పోతుంటే ఈయన ఒక్కడే వాళ్ళకి ఎదురుదిక్కుగా పడమటికి పోతాడు.

గిడ్డంగిలో వాల్ట్ అప్పటికే పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి ఉన్నాడు. అరవై దగ్గరపడిన మనిషి, ఎర్రగడ్డం, ఎప్పుడూ దవడలో పొగాకు. ఆయనకి ఈయన పేరు సగమే నోరు తిరుగుతుంది.

"మిస్టర్ మూర్తీ! ఇవాళ నలభై పౌన్ల దిమ్మలు. సోమవారం పొద్దున ట్రక్కులు వస్తాయట."

చల్లగది తలుపు వెనక పడగానే కృష్ణమూర్తి ఊపిరి పొగలా బయటికొచ్చింది. కప్పుదాకా పెట్టెలు. తెల్లకోటు కింద రెండు స్వెట్టర్లు వేసుకున్నా వేళ్ళు కొంకర్లు పోతాయి. వేలి కణుపుల మీద చర్మం ఎర్రగా పగిలి ఉంటుంది. కుడి బొటనవేలి గోరు నేరుగా, పొట్టిగా కత్తిరించి ఉంటుంది. చీజ్‌ని ఆ వేలితో నొక్కి చూస్తేనే అది ఎన్ని నెలల నాటిదో ఆయన చెప్పగలడు. ఈ ఐదు వారాలూ ఆ వేలే ఆయన్ని కాపాడింది. రంగు, గట్టిదనం, పగుళ్ళు చూసి, వాసన ఇలా ఉండి ఉంటుందని ఊహించి రాసేవాడు. అదీ చాలకపోతే, తమాషాకి అన్నట్టు ముక్కని వాల్ట్ మొహం దగ్గర పెట్టేవాడు.

"ఎలా ఉంది, వాల్ట్?"

"చీజ్ వాసన వస్తోంది, మిస్టర్ మూర్తీ."

పొగాకు నమిలేవాడి ముక్కు మీద ఆధారపడి తను సంతకాలు పెడుతున్నాడని తల్చుకుంటే కృష్ణమూర్తికి సిగ్గేసేది. సిగ్గుపడుతూనే పెట్టేవాడు. ముక్కు ఇవాళ కాకపోతే రేపు తిరిగి రాకపోతుందా అని ఆశ.

మొదటి మూడు పెట్టెలు అలాగే గడిచాయి. నాలుగోది దించుతూ వాల్ట్ మాటల్లో పడ్డాడు.

"మా అమ్మకి మొన్న చర్చిలో ఒక పెట్టె ఇచ్చారు. అరోరాలో. మంచులో రెండు గంటలు నిలబడిందట, ఎనభై రెండేళ్ళ మనిషి. నేను వెళ్తానంటే వద్దంది."

"బాగుందందా?" అన్నాడు కృష్ణమూర్తి.

"ఆఁ. కొంచెం పాత తడిగుడ్డ వాసన వేస్తోందంది. అయినా తింటోందిలే. మాకరోనీలో వేసేస్తే ఏం తెలీదట."

కృష్ణమూర్తి చెయ్యి ఆగింది. జనవరి నెలాఖరులో ఒక లాట్ దిమ్మలకి అంచులు కాస్త మెత్తగా తగిలాయి ఆయన బొటనవేలికి. అనుమానం వచ్చింది. ముక్కుంటే ఒక్క పీల్పుతో తేలిపోయేది. వాల్ట్‌ని అడిగాడు, చీజ్ వాసనే అన్నాడు వాల్ట్. సంతకం పెట్టేశాడు.

"ఆ పెట్టె మీద నంబరేమన్నా చూశావా?"

"నంబరా? ఆ పెట్టెలో మా అమ్మ బొత్తాలు దాచుకుంటోంది." వాల్ట్ నవ్వి బండి తిప్పుకుని ఇంకో వరుసలోకి వెళ్ళిపోయాడు.

ఆ ముసలామె తింటున్నది తను పాస్ చేసిన దిమ్మో కాదో తెలిసే దారి లేదు. ఎన్నో దిమ్మలు కలిపి కరిగిస్తారు. అలాంటి పెట్టెలు ఇంకెన్ని చేతుల్లోకి వెళ్ళాయో కూడా తెలియదు. కృష్ణమూర్తి చేతితొడుగు తీసేసి, నాలుగో దిమ్మలోకి ట్రయరు దించి, తిప్పి లాగాడు. లేత పసుపు ముక్క గొట్టంలో నిగనిగలాడుతూ వచ్చింది. రివాజు ప్రకారం పైకొస అంగుళం విరిచి దాచాలి. చూడటం అయ్యాక దాంతో బెజ్జం మూసి, అంచులు వేలితో పామాలి. గాలి చొరబడితే లోపల బూజు పడుతుంది. మిగతా ముక్కని నలిపి ముక్కుకి ఆనించాడు. చలి తప్ప ఏమీ లేదు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ముక్క తుంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

పదకొండేళ్ళు కాపాడుకున్నది అంత తేలిగ్గా పోయింది. ఒళ్ళు జలదరిస్తుందనుకున్నాడు, వాంతి వస్తుందనుకున్నాడు. అలాంటిదేం జరగలేదు. ఉప్పగా ఉంది. కొంచెం పుల్లగా ఉంది. నమిలాడు. మంచిదో చెడ్డదో, పాత గుడ్డో పచ్చి పాలో, నాలిక ఏమీ చెప్పలేదు. ఇంకో తుంచు వేసుకున్నాడు. ఇంకోటి. ఈసారన్నా తెలుస్తుందేమోనని తుంచుతూ, నములుతూ, ఉమ్మడం కూడా మర్చిపోయి మింగుతూ పోయాడు. చూసుకునేసరికి పైకొస కూడా చేతిలో లేదు. నియమమూ పోయింది, పనీ కాలేదు. నలభై ఫారెన్‌హీట్ డిగ్రీల చలిలో నిలబడి, అంత పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గిడ్డంగి ఆఫీసులో గోడకున్న ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కి చేశాడు. మాట తడబడకుండా ముందే అనుకున్నాడు గానీ, తడబడింది.

"నాకు వాసన తెలియడం లేదు సార్. ఐదు వారాలైంది. ఈ ఐదు వారాల్లో నేను పాస్ చేసిన లాట్లన్నీ మళ్ళీ చూడాలి."

సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. పోయినేడు ఈయన తండ్రి పోతే కార్డు పంపాడు.

"అయ్యో, మూర్తీ. ముందే చెప్పాల్సింది. డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. ఆ లాట్లు, సార్..."

"అవి ఎప్పుడో కరిగిపోయాయి. పంచేశారు కూడా. అంత వేడి చేశాక ఒంటికేమీ హాని ఉండదు, నీకూ తెలుసు. రుచి సంగతే కదా. ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు."

"ఒకావిడ చెప్పింది సార్."

"రాసిందా? ఎవరు?"

"రాయలేదు. మా డ్రైవరుగారి అమ్మగారు."

"పారేసిందా?"

"లేదు సార్." కృష్ణమూర్తి గొంతు తగ్గింది. "తింటోంది."

"మరింకేం?" అన్నాడు సూపర్‌వైజర్, నెమ్మదిగానే. తర్వాత సోమవారం నుంచి ఇంకో గ్రేడరు వస్తాడన్నాడు. ఇంటి దగ్గరే ఉండమన్నాడు, సెలవు కాయితాలు పోస్టులో వస్తాయన్నాడు. షికాగో ఆఫీసులో ఫైళ్ళ పని ఏమన్నా ఖాళీ ఉందేమో కనుక్కుంటానన్నాడు.

"ఇవాళ్టి ఫారం?"

"వాసన గడి ఖాళీగా వదిలెయ్. ట్రక్కులు ఆపలేం. ఇక్కడ మేం నింపుకుంటాం."

ఫోన్ పెట్టేశాక కృష్ణమూర్తికి ఏడుపు కూడా రాలేదు. ఐదు వారాలు నిద్రపట్టక దొర్లిన పాపం, ఒక ఫోన్ కాల్‌లో ఎవరికీ పట్టని సంగతి అయిపోయింది. ముక్కు పోవడం కాదు, అది ఉన్నా లేకపోయినా ఒకటే కావడం ఆయనకి మింగుడు పడలేదు. రెండు గంటలు మంచులో నిలబడేవాళ్ళు కంప్లైంట్లు రాయరు. ఆ సంగతి సూపర్‌వైజర్‌కీ తెలుసు. రాసేవాళ్ళకి ఆ చీజ్ ఇవ్వరు.

మూడు గడులు నింపి, నాలుగోది వదిలేసి, సంతకం పెట్టాడు. పెట్టెల మీద వేసే ఆఫీసు సీలు బల్ల మీద పెట్టాడు. తినని అన్నం డబ్బాలు సంచీలో సర్దుకున్నాడు. తర్వాత ఒక్కసారి చల్లగదిలోకి వెళ్ళి కాసేపటికి వచ్చాడు.

వాల్ట్ తలుపు దగ్గర ఎదురయ్యాడు. "అప్పుడే అయిపోయిందా? సోమవారం కలుద్దాం, మిస్టర్ మూర్తీ."

"సోమవారం ఇంకొకాయన వస్తాడు, వాల్ట్." ఆయన టోపీ దించుకున్నాడు. "మీ అమ్మగారితో చెప్పు..."

వాల్ట్ దవడ ఆడించడం ఆపి, ఏం చెప్పమంటాడా అని చూశాడు.

"మాకరోనీలోనే వేసుకోమను" అన్నాడు కృష్ణమూర్తి, తెల్లటి ఎండలోకి నడుస్తూ.

లోపల, నాలుగో దిమ్మ బెజ్జం మూయడానికి ముక్క మిగల్లేదు. గాలి చొరబడకుండా ఓల్సన్ ఇచ్చిన ట్రయరు అందులోనే పిడిదాకా దించి ఉంది. ఆయన చేతి వేడికి దాని పిడి మీద పట్టిన ఆవిరి కాసేపు నిలిచి, అంచుల నుంచి మెల్లగా ఆరుతోంది.