టీ తాగాక చెప్పే మాట

ఖులాన్ అడగాల్సిన ప్రశ్న చిన్నదే. మొత్తం మీద మీ బతుకు ఎంత తృప్తిగా ఉంది, ఒకటి నుంచి పది లోపు చెప్పండి. మనుషులు వేటిని విలువైనవిగా ఎంచుకుంటారో తెలుసుకోవడానికి ఎన్నో దేశాల్లో ఈ ప్రశ్నే అడుగుతున్నారు. మంగోలియాలో ఈ గడ్డిలోయ ఖులాన్ వంతుకు వచ్చింది. ఎవరైనా తిరిగి తననే అడుగుతారేమోనని ఆమె భయం. చలికాలంలో ఆమెకు కడుపు పోయింది. ఆ సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. అతని దగ్గర కూడా ఆ మాట ఎత్తదు. 

ఖులాన్ చెవెల్మా ముసలమ్మ గుడారంలోకి వంగి అడుగు పెట్టేసరికి పైకప్పు కన్నంలోంచి గుండ్రటి ఎండ దిగి ఉంది. పొగ అందులో నెమ్మదిగా ఈదుతోంది. పక్క గుడారపు గొంబో పొయ్యి దగ్గర చతికిలబడి ఉన్నాడు.

"బాగున్నారా అమ్మమ్మా? మందలు బాగా మేస్తున్నాయా?"

"బాగున్నాం తల్లీ. బాగా మేస్తున్నాయి."

కూర్చోకముందే ఖులాన్ కాగితాలు తీసి ప్రశ్న అడిగేసింది.

"పది వేసుకో," అంది ముసలమ్మ.

"పదకొండు లేదా అమ్మాయ్? ఈవిడ దేనికీ తక్కువ పుచ్చుకోదు," అన్నాడు గొంబో.

"నోరు మూసుకుని ఆ పిడకలు ఇటు అందించు!"

ఖులాన్ పది వేసింది. లోయలో అందరూ పదే చెప్పారు. ఇక్కడ దుఃఖం లేదనుకుంటే ఆమెకు కలలో తేలుతున్నట్టు హాయిగా ఉంది.

ఉప్పు టీ వచ్చింది. ఒక గిన్నె అయింది, రెండోది నిండింది. ఎండ నేల మీద కొంచెం జరిగింది. అప్పుడు ముసలమ్మ ఆ ఎండతో మాట్లాడుతున్నట్టు అంది:

"మంచు గట్టిపడి గడ్డి అందలేదు. గొర్రెలన్నీ పోయాయి. పొద్దున లేస్తే ఒక్క అరుపూ వినపడదు."

"మరి పది అన్నారు!"

"గుమ్మంలో నిలబడ్డ మనిషికి చావు కబురు చెప్తామా? నువ్వెక్కడ పెరిగావే?"

"పట్నం పిల్ల. అక్కడ లిఫ్టులోనే ఏడ్చేస్తారట," అన్నాడు గొంబో.

ఖులాన్ రబ్బరు వెతికింది. "చెరిపేసి ఎంత వేయమంటారు?"

"ఎందుకు చెరిపేయడం? నిన్ను చూసి సంతోషం వేసింది, అది అబద్ధమా? గొర్రెలు పోయాయి, అదీ నిజమే. నీ గడిలో ఒక్క అంకే పడితే నన్నేం చేయమంటావ్?"

చెడు కబురు చెప్పేది టీ తర్వాతేనని ఖులాన్‌కు తెలియక కాదు. ప్రతి గుడారంలోనూ టీ రాకముందే అడిగేసింది, కాగితాలు సర్దుకుని ఒక్క గుక్కలో తాగి లేచింది. తొందరనుకుంది ఇన్నాళ్ళూ. కాదు. టీ తర్వాత వచ్చే మాట వినలేక. వింటే తనదీ బయటికొస్తుంది.

మూడో గిన్నె ఆమె చేతికొచ్చింది.

"ఇప్పుడు నీ సంగతి చెప్పు," అంది చెవెల్మా.

"ఆవులెటు పోయాయో ఏమో," అని గొణుగుతూ గొంబో బయటికి నడిచాడు.

గాలికి గుడారం ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది. తన గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినపడింది ఖులాన్‌కు. "నాకు కడుపు పోయింది అమ్మమ్మా."

"ఎన్నో నెల?"

"అయిదు నిండింది. పుట్టకముందు పేరు పెట్టకూడదంటారు. పెట్టుకున్నాను. అందుకే..."

"అందుకు కాదు," అంది ముసలమ్మ. "ఏం పేరు?"

ఖులాన్ గిన్నె కింద పెట్టింది. 

"సారన్."

"సారన్," అంది చెవెల్మా, కొత్తగా వచ్చిన మనిషిని పరిచయం చేసుకుంటున్నట్టు.