ఎరుపు పడాల్సిన చోట

"బొమ్మ అయిపోయింది. కాస్త రంగు పులిమి పెట్టు."

మా ఆయన ఈ మాట అనగానే పొయ్యి తగ్గించి చేతులు తుడుచుకునేదాన్ని. అప్పట్లో వారపత్రికకి నలుపు, ఎరుపు రెండే రంగులు. ఆయన కార్టూన్ మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఎరుపు పడాల్సిన చోటల్లా నేను నల్ల ఇంకు నింపాలి. ఆ కాగితాన్ని బట్టి ప్రెస్సులో ఎరుపు అచ్చయ్యేది. చీరైనా, టమాటా అయినా నా వేళ్లకి అంటేది నలుపే. "వాడు గీస్తే పేరొస్తుంది, నువ్వు పూస్తే గోడలకి మరకలొస్తాయి" అనేవారు అత్తగారు. తర్వాత నాలుగు రంగులొచ్చాయి, బొమ్మకి నాలుగు కాగితాలయ్యాయి. కింద సంతకం మాత్రం ఒక్కటే. రంగులు భలే వేస్తారండీ అని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన వినయంగా తలవంచేవారు. చివరికి కంప్యూటర్లొచ్చి నా పని కాస్తా పోయింది.

నిన్న పత్రికవాళ్లు పిలిచారు. ఆయన పాత కార్టూన్లన్నిటికీ కొత్తగా రంగులద్ది పుస్తకం వేస్తారట. బ్యాగు మోయడానికి నేనూ వెళ్లాను. అక్కడ రంగులు చూసే అమ్మాయి ఆయన ముందు, తాకితే రంగు నిండే కంప్యూటర్ తెర పెట్టి, నమూనాగా ఒక బొమ్మకి మీరే రంగు వేయండి సార్ అంది. ఆయన ఎరుపు ఎంచుకుని బొమ్మలోని ఇల్లాలి చీర మీద తాకారు. చీరతోపాటు కుర్చీ, కిటికీ, మొగుడి ముఖం అన్నీ ఎర్రబడ్డాయి. మళ్లీ తాకారు. మళ్లీ అంతే.

"మీ గీతల చివర్లు కలవవు సార్. సందుల్లోంచి రంగు బయటికి పోతోంది. ఇన్నేళ్లూ ఎలా ఆపారు?"

ఆయన లేచి కుర్చీ నా వైపు జరిపారు. "మా ఆవిడ చూసుకుంటుందిలే. ఖాళీయేగా."

కూర్చున్నాను. ఆ అమ్మాయి చూపించినట్టు వేలితో గీసి సందులు మూసి, రంగు వేశాను. మొట్టమొదటిసారి ఎరుపు ఎర్రగానే నా చేతి కింద పరుచుకుంది. ఈ పని వదులుకోకూడదనిపించింది, ఊరికే చేసి పెట్టనూ కూడదనిపించింది.

"పుస్తకమంతా నేనే వేస్తాను. అట్ట మీద నా పేరూ ఉండాలి" అన్నాను.

"మనలో మనకి పేర్లేమిటే?"

"అయితే మీది తీసేద్దాం."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ తెరకేసి చూసింది. ఆయన ఆ ఎర్రచీరని కాసేపు చూసి, "వెయ్యమ్మా, ఆవిడ పేరు కూడా" అన్నారు.

ఏమని వెయ్యాలని ఆ అమ్మాయి నన్ను అడిగింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా చెప్పాను.