తాడు పట్టిన బామ్మర్ది

మార్కాపురంలో బయల్దేరినప్పటి నుంచి కరుణాకరం జీపులో ఒక తీరున కూచోలేదు. కెమెరా పెట్టె ఒళ్లో పెట్టుకుంటాడు, కాళ్ల దగ్గర దించుతాడు, మళ్లీ ఎత్తుకుంటాడు. అడగాల్సిన మాట మాత్రం గొంతు దాటి రావడం లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏడు. ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి నల్లమల జలపాతాలు, గుహలు ఫోటోలు తీసిమ్మని రాజధాని కర్నూలు నుంచి కబురొచ్చింది. జీపు తోలేవాళ్లు వేరే లేక కాదు, కరుణాకరం పనిగట్టుకుని బామ్మర్ది మాలకొండయ్యనే పిలిచాడు. పురిటికి పుట్టింటికి పోయిన పెళ్లాం చెంచులక్ష్మి ఏడాది దాటినా తిరిగి రాలేదు. ఎప్పుడడిగినా ఈ బామ్మర్ది "చూద్దాం లే బావా" అంటాడు. మూడు రోజులు పక్కన కూచోబెట్టుకుంటే మెత్తబడకపోతాడా అని మనవాడి ఆశ. కొడుకు మొహం ఒక్కసారే చూశాడు పాపం, తలచుకుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి.

కంభం దాటారు. చెంచులక్ష్మి ఉండే రాచర్ల మలుపు వచ్చింది. జీపు ఆగలేదు సరికదా, నెమ్మదించనైనా లేదు.

"ఏంది బావా, అట్ల మెలికలు తిరుగుతా ఉండావు? కడుపులో బాగలేదా?" అన్నాడు మాలకొండయ్య.

"ఏం లేదులే. రోడ్డు చూడు."

రోడ్డన్న మాటే గాని గిద్దలూరు దాటి అడవిలో పడ్డాక ఉన్నది బండిజాడే. రెండు రోజుల్లో రెండు జలపాతాలు తీశారు. అడగాల్సిన మాట అట్లాగే ఉండిపోయింది.

మూడో నాడు అసలైన చోటు. నీళ్లు దూకే కొండ అంచు నుంచి కిందికి సగం దూరంలో గుహ ఉంది. నడుముకు తాడు కట్టుకుని దిగడమే దారి. వెంట వచ్చిన చెంచు పోలయ్య తేనెకు దిగే తాడు తెచ్చి కరుణాకరం నడుముకు కట్టాడు. రెండో కొస మాత్రం ముట్టుకోలేదు.

"నేను పట్టను సామీ. మాలో పెండ్లాం తోడబుట్టినోడే పట్టాల. అక్క తాళి తెగగూడదని వాడైతే చచ్చినా వదలడు. నీకు బామ్మర్ది ఉండాడా?"

"నేనే," అని మాలకొండయ్య ముందుకొచ్చి తాడు అందుకున్నాడు.

కరుణాకరం నడుముకున్న ముడి మరోసారి తడిమి చూసుకున్నాడు. నిరుడు చెంచులక్ష్మి నిండు నెలలతో జ్వరం వచ్చి పడుకుంటే, నంద్యాలలో పెళ్లి ఫోటోలని నాలుగు రోజులు ఒంటరిగా వదిలేసి పోయాడు. గొంతులో మందు పోసింది పక్కింటి ఖాతూన్బీ. ఆ తర్వాతే పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆ సంగతి మాలకొండయ్య ఇంతవరకూ ఎత్తలేదు, అదే ఇప్పుడు భయం పుట్టించింది.

దిగుతున్నంతసేపూ పైకే చూశాడు. ఒకచోట కాలు జారి గాల్లో వేలాడాడు. నా పని అయిపోయింది అనుకున్నాడు. తాడు బిగుసుకుంది గాని జారలేదు. గుహలో ఏం ఫోటోలు తీశాడో తనకే తెలియదు, ధ్యాసంతా తాడు మీదే.

పైకి చేరేసరికి మాలకొండయ్య అరచేతులు తోలు ఊడి నెత్తురు కారుతున్నాయి. అది చూసి కరుణాకరానికి ఏడుపు ఆగలేదు. మూడు రోజులుగా నోట్లో నలుగుతున్న మాట పక్కకు పోయి, మనసులో ఉన్నది బయటపడింది.

"నీ చోట నేనుంటే వదిలేసేవాణ్ణిరా."

మాలకొండయ్య చేతులు నీళ్లలో ముంచి కడుక్కున్నాడు.

"నాకు తెలుసు బావా," అన్నాడు, కోపమేమీ లేకుండానే. "అందుకే అక్కను పంపలేదు."