ఇరవై ఐదు కిలోల స్టాండు

“ఇవి కొంగలా బావగారూ, కొంగల దయ్యాలా?”

క్రాంతి నా కెమెరా తెరమీది బొమ్మను పెద్దది చేసి చూస్తూ అన్నాడు. ఢిల్లీ పక్క ఇందిరాపురంలో మా హాల్లో కూర్చుని అరగంటైనా బూట్లు విప్పలేదు. తెరమీద ధనౌరి చిత్తడినేలలో నేను తీసిన సారస కొంగల జంట. ఎర్రటి మెడలు తడి కాగితంమీద సిరాలా పాకిపోయి ఉన్నాయి.

క్రాంతి మా ఆవిడ కృష్ణకుమారి తమ్ముడు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. ఆమె జువాలజీ లెక్చరరుగా రిటైరైన ఏడు, సింగపూర్ నుంచి ఈ కెమెరాకున్న ఆరువందల మిల్లీమీటర్ల దూరపు లెన్సు తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది అతనే. ఆమె పోయి రెండేళ్ళయింది. నేను దాన్ని ముట్టుకోవడం మొదలుపెట్టి ఆర్నెల్లు.

“అక్క దీంతో పిట్ట కంట్లో మబ్బుల్ని కూడా పట్టేది. మీరు ఇలాంటివి తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంటే ఒళ్ళు మండుతోంది. లెన్సు నాకిచ్చేయండి.”

“నేర్చుకుంటున్నాను కదయ్యా.”

“అరవయ్యారేళ్ళకా? ఠీక్ హై. వచ్చే ఆదివారం ధనౌరికి నేనూ వస్తా. పిట్ట కన్ను స్పష్టంగా కనిపించే ఫోటో ఒక్కటి నా ఎదుట తీయండి. తీస్తే లెన్సు మీదే. లేదంటే అటునుంచటే నా కారెక్కుతుంది.”

ఇచ్చినవాడు అడుగుతుంటే కాదనడానికి నోరు రాలేదు. సరేనన్నాను. కానీ ఆ లెన్సు వెనక కన్ను పెట్టినప్పుడల్లా, ఆమె దేన్ని చూస్తూ గంటలకొద్దీ కదలకుండా నిలబడేదో నాకు కొంచెం కొంచెంగా తెలుస్తోంది. అది పోతే ఆ తెలియడమూ ఆగిపోతుంది.

ఆమె కెమెరా స్టాండు కాలు విరిగితే కొత్తది నేనే కొన్నాను. ముప్పయ్యయిదేళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసినవాణ్ణి. తూకం రాళ్ళమీద, త్రాసులమీద ముద్ర చూసి నమ్మడమే నా ఉద్యోగం. స్టాండు డబ్బామీద మోసే బరువు ఇరవై ఐదు కిలోలని అచ్చువేసి ఉంది. నా లెన్సూ కెమెరా కలిపి ఐదు. ఐదింతల బలముంది, ఇంకేం కావాలనుకున్నాను. ఇప్పుడు ఫోటోలు వణుకుతున్నాయంటే మరలో ఏదో లోపం ఉండాలి. అన్నీ భుజాన వేసుకుని మెట్రోలో కరోల్ బాగ్ వెళ్ళాను.

అక్కడ ఒక రెండో అంతస్తులో, ఇరుకు గదిలో కెమెరా స్టాండ్లు బాగుచేసి అమ్మే చెన్నకేశవులుది నంద్యాల. పాతికేళ్ళ ఢిల్లీ అతని యాసనూ మార్చలేదు, మర్యాదా నేర్పలేదు. స్టాండును అటూ ఇటూ ఊపి చూశాడు.

“మరలో తప్పేం లేదు. కొన్నోడి తలకాయలో ఉండాది. ఎవురు కొన్నారు దీన్ని?”

“నేనే. ఇరవై ఐదు కిలోలు మోస్తుందని రాసుంది.”

“మోస్తాది. బియ్యం మూట పెట్టుకో సామీ, ఇరగదు. కదలకుండా నిలబడతాదని యాడన్నా రాసినాడా?”

రాయలేదు.

లెన్సును దానిమీదే బిగించి కిటికీ వైపు తిప్పాడు. రోడ్డు అవతలి బోర్డుమీది ఒక్క అక్షరం తెరంతా నిండేలా పెద్దది చేశాడు. లెన్సు కొసను వేలితో టక్కున కొట్టాడు. “లెక్కపెట్టు.”

అక్షరం వణకడం మొదలుపెట్టింది. నేను ఏడు లెక్కపెట్టేదాకా ఆగలేదు.

“మెడ నొప్పని నడిమి గొట్టం పైకి లేపితివి. మూడుకాళ్ళ మీద ఒంటికాలోన్ని నిలబెట్టినట్టుండాది. పైన ఈ గుండు తల చూడు.” బంతిలా తిరిగే ఆ తలను కాస్త వదులు చేశాడు. ఐదు కిలోల బరువు ఒక్కసారిగా ముక్కు కిందికి వేసి పడింది. నేను ముందుకు ఉరికాను. కానీ తిట్టే మనిషి తిడుతూనే ఎడమచేయి ముందే దాని కింద పెట్టి ఉంచాడు.

మూలనుంచి ఇంకొకటి లాగాడు. మణికట్టంత లావు కాళ్ళు. నడుమ గొట్టమే లేదు. పైన ఉయ్యాల చట్రంలాంటి తల, గింబల్ అంటారట. లెన్సును అందులో ముందుకూ వెనక్కూ జరిపి ఒకచోట బిగించి చెయ్యి తీశాడు. ఎటు వంచి వదిలితే అక్కడే ఆగింది. మళ్ళీ టక్కున కొట్టాడు. నేను రెండు అనేలోపే అక్షరం నిలిచింది.

“పాతదే గానీ గట్టిది. మూడున్నర కిలోలు. మోయలేకుంటే ఇప్పుడే చెప్పు, నా టైమ్ తినబాకు.”

“మోస్తాను.”

“మొదాట కాళ్ళలో పైనుండే లావు గొట్టాలు దియ్యి. లోపలి సన్నవి తీయకుంటే ఇంకా మేలు. గాలొస్తే ఎర్రిబాగులోళ్ళు కింద సంచి తగిలిస్తారు. అది ఊగి స్టాండునూ ఊపుతాది. తగిలించబాకు. ఇంక పో.”

ఆదివారం తెల్లవారి ధనౌరిలో గాలి గట్టిగానే ఉంది. మట్టిదారి చివరిదాకా పోయి కార్లు ఆపి, దారినానుకున్న గట్టువెంట వెనక్కి నడిచాం. క్రాంతి చేతులు జేబుల్లో పెట్టుకుని ముందు నడిచాడు.

“ఇదేంటి, ఫిరంగా? యుద్ధానికా?”

భుజం పీకుతోంది. దారి పక్కనే, నీళ్ళకు ఎదురుగా కాళ్ళు పొట్టిగా తెరిచి, తడి గడ్డిలో కూర్చుని లెన్సు బిగించాను. దూరంగా సారస జంట మేస్తోంది.

“గాలికి సంచి తగిలించండి.”

“వద్దు. అది ఊగుతుంది.”

“ఓహో, నాకే పాఠాలా!”

మీట నొక్కాక రెండు సెకన్లకు ఫోటో పడేలా పెట్టి, నొక్కి చెయ్యి తీసేస్తున్నాను. తొమ్మిదిసార్లు పిట్ట తల తిప్పేసింది. “అయిపోయిందా నాటకం?” అని వెనకనుంచి వినబడుతోంది. పదోసారి అది తలెత్తి గాలి వాలు చూస్తూ ఆగింది.

క్రాంతి వంగి తెర పెద్దది చేశాడు. నారింజరంగు కన్ను. మధ్యన నల్లచుక్క. అంచున వెలుగు గీత. ఇంకా పెద్దది చేశాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

“స్టాండు మంచిది. ఇందులో మీ గొప్పేముంది?”

“ఏమీ లేదు.”

“కీమో అయ్యాక కూడా అక్క ఇదే గట్టుమీద లెన్సూ స్టాండూ తనే మోసుకుంటూ నడిచేది. మీరు కార్లో కూర్చుని పేపరు చదువుకునేవాళ్ళు. ఒక్కసారైనా మోశారా?”

ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు అని చెప్పవచ్చు. అడిగి ఉంటే ఇచ్చేదేమో. నేను అడగలేదు.

“మొయ్యలేదు.”

అతను నిటారుగా లేచాడు.

“లెన్సు ఉంచుకోండి. మాటంటే మాటే. మా ఇంటికి మాత్రం రావద్దు. నాకు ఫోన్ చెయ్యొద్దు. మీరు పెట్టే బొమ్మలు నేను చూడను, గ్రూపులోంచి వెళ్ళిపోతున్నా.”

విసవిసా కారు దగ్గరకు నడిచాడు. అక్కణ్ణుంచి రోడ్డెక్కాలంటే నా పక్కనుంచే పోవాలి. మట్టిదారి నిండా పొడిదుమ్ము. ఇంజను గట్టిగా మోగేసరికి నేను శాలువా తీసి లెన్సుమీద కప్పి, దానికి అడ్డంగా కూర్చున్నాను.

కారు మనిషి నడిచినంత మెల్లగా వచ్చింది. అద్దాలు ఎత్తే ఉన్నాయి. అతను నా వైపు తిరగలేదు. చక్రాల కింద దుమ్ము లేవలేదు, పిట్టలు కూడా లేవలేదు. మలుపు దాటి చాలా దూరం పోయాకే వేగం పెంచాడు. అప్పుడు లేచింది దుమ్ము, పొలాల అవతల, పొద్దుటెండలో ఎర్రగా.

శాలువా తీశాను. కొంగలు అక్కడే ఉన్నాయి.